బండ సందులో డబ్బా

వల్సాడ్ నుంచి రైల్లో సూరత్ వస్తున్నాను. ఫోనులో నేను తెలుగు మాట్లాడటం విని ఎదుటి సీటులోని మనిషి పలకరించాడు. సూరత్‌లోని పాండేసర బట్టల మిల్లులో పనట. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. మిగిలిన గోళ్ల చుట్టూ నెత్తురు ఎండి ఉంది.

నా ఫోనులో డబ్బా గుర్తులున్న మ్యాపు చూసి, "మీరు గూడ డబ్బాలు దేవులాడుతరా సారూ?" అన్నాడు. ఎవరో ఒక డబ్బా దాచి ఆ చోటు మ్యాపులో గుర్తుపెడతారు. కనిపెట్టినవాళ్లు లోపలి పుస్తకంలో పేరు రాస్తారు. దొరికినా దొరక్కపోయినా ఫోనులో ఆ డబ్బా పేజీలో రాయొచ్చు. అదీ ఆట.

"ఒక డబ్బా బండ నడుమ సందుల ఉంది. 'చేతుల్లో సత్తువ ఉన్నవాళ్లే రండి' అని రాసిండు దాచినాయన. గందుకే సూరత్‌ల ఆల్థాన్‌ కాడ బండలెక్కుడు నేర్పే జిమ్ముల గోడలెక్కుడు నేర్సుకున్న, రెండేండ్లు. ఇయ్యాల ఎక్కిన సారూ. సందు మొత్తం తడిమిన. దొరకలే."

ఆ మాట రాసింది నేనే. నాకు బండ ఎక్కడం రాదు. పైనుంచి తాడుతో దించి పెట్టిన డబ్బా అది. ఎవరూ రావడం లేదని విసుగొచ్చి, పోయిన నెలలో అదే తాడుతో లాగేసుకున్నాను. ఆటలోంచి దాని పేజీ తీసేయడానికి మాత్రం బద్ధకించాను.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అతను తన చేతి వైపు చూసుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎందుకో అతని మీద కోపంగా మారింది.

"మీరే సరిగ్గా వెతికి ఉండరు," అన్నాను.

"గంతే అయితది సారూ. మల్ల ఆదివారం పోత," అని ఉధనాలో దిగిపోయాడు.

తర్వాత వరసగా నాలుగు ఆదివారాలు ఆ డబ్బా పేజీలో అతని రాత కనిపించింది. ప్రతిసారీ ఒకటే మాట: "దొరకలే. తప్పు నాదే."

ఐదో ఆదివారం ఏమీ రాలేదు. ఆరో వారం నేను పేజీ తీసేశాను.