గోడ మీద ఆయన, వీధిలో ఆవిడ

ఆదివారం పొద్దున పదింటికి మహీధర్ సాంలూయీ గేటు పక్కనున్న మెట్లెక్కి కోటగోడ మీదికి చేరేవాడు. ఆయన భార్య బేబీ మెట్ల దగ్గరే ఆగి, చేతిసంచీ భుజానికి తగిలించుకుని, గోడ వెంబడే లోపలివైపు సాగే వీధిలో నడక మొదలుపెట్టేది. ఆయన పైన, ఆవిడ కింద. క్యుబెక్ నగరంలో పాత ఊరిని చుట్టుకుని ఉన్న ఆ రాతిగోడ మీద ఎవరైనా నడవొచ్చు. పైన బండి పట్టేంత వెడల్పు, దారి పక్కన గడ్డి. ఫిరంగులు పెట్టడానికి కట్టిన సందుల్లోంచి ఇప్పుడు పిల్లలు తొంగిచూస్తుంటారు. ఆ గోడంటే మహీధర్‌కి ప్రాణం. బేబీకి ఎత్తంటే వణుకు. అందుకని ఇరవై రెండేళ్ళు వాళ్ళ షికారు అలా రెండంతస్తుల్లో సాగింది.

మాటలు మాత్రం ఆగేవి కావు. ఆయన పైనుంచి కేకేస్తే ఈవిడ కిందనుంచి అందుకునేది. "బేబీ, రాత్రి పప్పులో ఉప్పెక్కువైందన్నాను గానీ బానే ఉంది!" అని ఆయన అరిస్తే, "రాత్రి ముభావంగా తిని ఇప్పుడు ఊరంతటికీ చెప్తున్నారా?" అని ఈవిడ. ఇద్దరి మధ్యా నడిచే టూరిస్టులకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గేటులోంచి వచ్చే రోడ్డు అడ్డొచ్చిన చోట ఆయన పైనుంచే ట్రాఫిక్ పోలీసయ్యేవాడు. "ఆగు, గుర్రబ్బండి వస్తోంది... ఆఁ, ఇప్పుడు దాటు." కూతురు ధాత్రి ఏ యూనివర్సిటీలో చేరాలన్నది సాంలూయీ గేటుకీ కెంట్ గేటుకీ మధ్య తేలింది. ఆ పిల్ల పెళ్ళి తేలడానికి మాత్రం సాంజాఁ గేటు దాకా రెండు ఆదివారాలు నడవాల్సొచ్చింది.

మహీధర్‌ది సిర్పూర్ కాగజ్‌నగర్. అక్కడి కాగితం మిల్లులో పనిచేసిన అనుభవంతోనే ఇక్కడ నది ఒడ్డున ఉన్న మిల్లులో, ల్యాబులో ఉద్యోగం దొరికింది. బేబీది పాలకొల్లు. పేరేం పెట్టాలో ఇంట్లో తేలేలోపే బళ్ళో చేర్చేశారు, ముద్దుపేరే రికార్డులకెక్కింది. ఇమిగ్రేషన్ ఆఫీసులో "ఇది కాదు, మీ అసలు పేరు?" అని ఆఫీసరు మూడుసార్లు అడిగాడు. "ఇదే" అని మూడుసార్లూ చెప్పింది. తర్వాత బట్టల ఆల్టరేషన్ షాపులో కుట్టుపనికి చేరింది. ఆ షాపు నడిపే ల్యూసెట్ అనే పెద్దావిడ "మదామ్ బేబే" అని పిలుస్తూ పిలుస్తూ ఫ్రెంచి నేర్పేసింది. ఇంగ్లీషు నడిచే కనాటా అనే ఊళ్ళో తెలుగువాళ్ళ గెట్‌టుగెదర్‌కి వెళ్తే ఇంగ్లీషులో తడబడి ఫ్రెంచిలోకి జారిపోయే బేబీని చూసి అందరూ ముచ్చటపడేవాళ్ళు.

ఎత్తంటే భయం ఊరికే రాలేదు. తొమ్మిదేళ్ళప్పుడు, పిట్టగోడ లేని డాబా మీద, విమానం చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి కింద ఇసకకుప్పలో పడింది. జబ్బ ఎముక విరిగింది. ఆ తర్వాత స్టూలెక్కి బల్బు మార్చమన్నా అరికాళ్ళు జిల్లుమనేవి. పెళ్ళైన కొత్తలో మహీధర్ ధైర్యం చెప్పబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. తర్వాతెప్పుడూ పైకి రమ్మని అడగలేదు.

మూడేళ్ళ కిందట మహీధర్ టీకప్పు బల్ల మీద పెట్టబోయి గాల్లో పెట్టడం మొదలైంది. తలుపు వారలు తగిలి భుజాలు కమిలేవి. వయసొచ్చిందిలే అనుకున్నారు. ఒక ఆదివారం బేబీ వీధిలో నడుస్తూ, "గోంగూర పచ్చడి పట్టనా, వద్దా?" అని కేకేసింది. జవాబు రాలేదు. తలెత్తి చూసేసరికి మహీధర్ గోడ లోపలివైపు గడ్డి వాలు మీదనుంచి దొర్లుకుంటూ కిందికొస్తున్నాడు. టోపీ ఆయన కంటే ముందొచ్చింది. బేబీ సంచీ పారేసి పరిగెత్తింది. ఆయన వాలు అడుగున కూర్చుని, ఒంటికంటుకున్న గడ్డి దులుపుకుంటూ, "పట్టు. కారం కొంచెం తగ్గించు," అన్నాడు.

మణికట్టు బెణికింది, అంతే. కానీ హాస్పిటల్లో డాక్టరు కళ్ళు కూడా చూసి అసలు జబ్బు చెప్పాడు. నీటికాసులు, అంటే గ్లకోమా. పక్కచూపు దాదాపుగా పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు, దూరమైనా కనిపిస్తుంది. పోయిన చూపు రాదు, చుక్కలమందుతో మిగిలింది కాపాడుకోవాలి. కనాటా నుంచి ధాత్రి వీడియోకాల్ చేసి, "నాన్నా, ఐ యామ్ సీరియస్. నో మోర్ వాల్స్," అంది. "సరేమ్మా," అన్నాడాయన. అంత తొందరగా ఒప్పుకోవడం బేబీకి నచ్చలేదు.

ఆ చలికాలమంతా మహీధర్ హాల్లో కుర్చీలోనే గడిపాడు. కోపం లేదు, విసుగు లేదు. అడిగినదానికి జవాబు, వేళకి మందు. మంచు కరిగింది. ఆదివారం పదయ్యేసరికి ఆయన లేచి బూట్లు వేసుకునేవాడు. కాసేపు అలాగే కూర్చుని మళ్ళీ విప్పేవాడు. మూడో ఆదివారం కూడా అది చూశాక బేబీ వంటింట్లోకెళ్ళి, పని లేకపోయినా కుళాయి తిప్పి నిలబడింది.

మర్నాడు షాపులో ల్యూసెట్‌తో, "నేను గోడెక్కాలి," అంది.

"ఎప్పుడు?" అంది ల్యూసెట్, సూదిలో దారం ఎక్కిస్తూ.

"లంచ్ టైములో."

అలా సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం అరగంట, ఇద్దరూ సాంలూయీ గేటు దగ్గరికి నడిచేవారు. ల్యూసెట్ మోకాళ్ళు మెట్లకి పనికిరావు. ఆవిడ కింద బెంచీ మీద కూర్చుని శాండ్‌విచ్ తింటూ ఉత్సాహపరిచేది. మొదటివారం బేబీ సగం మెట్లెక్కి, రెయిలింగు కావలించుకుని, కళ్ళు మూసుకుని దిగిపోయేది. రెండోవారం చివరి మెట్టు దాకా వెళ్ళి కూర్చుంది. మూడోవారం పైకెక్కింది గానీ, నిలబడేసరికి గోడంతా ఊగినట్టనిపించి, చేతులూ మోకాళ్ళూ ఆనించి అంబాడటం మొదలుపెట్టింది.

అల్బర్టా నుంచి వచ్చిన టూరిస్టు ఒకావిడ పక్కనే వంగి, "ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగింది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, భయం వేసి పాకుతున్నానని ఎలా చెప్తుంది? "చెవి కమ్మ," అంది బేబీ.

"అయ్యో!" అంటూ ఆవిడా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ భర్తా కూర్చున్నాడు. వెనకే వస్తున్న ఇద్దరు ముసలివాళ్ళు కూడా కర్రలు పక్కన పెట్టి వంగారు. అయిదుగురూ గడ్డి దువ్వుకుంటూ ముందుకు కదిలారు. ఎవరికో చొక్కా గుండీ దొరికింది, ఎవరికో పాత నాణెం. బేబీ వాళ్ళకి సర్దిచెప్పడంలో పడి, "ఫర్వాలేదండీ, ఖరీదైంది కాదు, వదిలేయండి," అంటూ అనాలోచితంగా లేచి నిలబడింది. చూస్తే మెట్లు ఎక్కడో వెనకబడిపోయాయి. కింద ల్యూసెట్ శాండ్‌విచ్ ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొడుతోంది.

ఆ ఆదివారం మహీధర్ బూట్లు వేసుకునేదాకా ఆగి, "పదండి, బయటికెళ్దాం," అంది.

"కూరగాయలకా?"

"మీకెందుకు, పదండి."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఆయన ఆగిపోయాడు. చూపుతో పని లేకుండా ఆయన బూట్లకి తెలిసిపోయింది.

"బేబీ, ఇవి గోడ మెట్లు."

"అవును. ఎక్కండి."

"నేనెక్కితే నువ్వు కిందనుంచి ఏం చెయ్యగలవు?"

"కింద ఉంటానని ఎవరన్నారు? నేనూ ఎక్కుతున్నా. నన్ను మాట్లాడించకండి, ఊపిరాడట్లేదు."

పైన గాలి గట్టిగా కొడుతోంది. బేబీ మోచెయ్యి చాచింది. "పట్టుకోండి. మరీ గట్టిగా కాదు." రెండడుగులు వేశాక, "గట్టిగానే పట్టుకోండి," అంది. తర్వాత ముందే ఆలోచించి పెట్టుకున్నది చెప్పింది. "నేను పాదాల దగ్గర తప్ప ఎక్కడా చూడను. రాయొచ్చినా, అంచొచ్చినా నేను చెప్తాను. తలెత్తితే నా పని అయిపోతుంది. దూరంగా ఏముందో మీరు చెప్పండి."

మహీధర్ తలెత్తి దూరంగా చూశాడు. "ఎదురుగా పచ్చబడిన రాగి పైకప్పు. దాని వెనక చర్చి శిఖరం. ఆకాశం శుభ్రంగా ఉంది," అన్నాడు.

"గుంట. కాలు కొంచెం ఎత్తి వెయ్యండి."

"సరే. కొండలు కూడా కనిపిస్తున్నాయి, ఉత్తరం వైపు."

"కుడివైపు జరక్కండి, వాలుంది."

అలా ఒక చూపు కిందా, ఒక చూపు దూరానా పెట్టుకుని కెంట్ గేటు దాకా వచ్చారు. అక్కడ గోడ రోడ్డు మీదుగా, కమాను మీద సాగుతుంది. కాళ్ళకింద కార్ల చప్పుడు వినేసరికి బేబీ దారి మధ్యలో కూలబడిపోయింది. మహీధర్ తడుముకుంటూ పక్కనే కూర్చున్నాడు. టూరిస్టులు చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

ధైర్యం చెప్తాడేమో అనుకుంది. ఆయన చెప్పలేదు. "ఇరవై రెండేళ్ళు నడిచాను గానీ, ఈ గోడ బయటివైపు ఏముందో నాకు సరిగ్గా తెలీదు," అన్నాడు. "ఎప్పుడూ లోపలంచు పట్టుకునే నడిచేవాణ్ణి. నువ్వు కనపడాలి గదా."

బేబీ తల తిప్పి ఆయన వైపు చూసింది. "అంచున నడిస్తే పడరా మరి?"

"కళ్ళు కనబడక పడ్డాను."

"అందుక్కూడా, ఇందుక్కూడా."

మహీధర్ నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత, భుజాలు కదిలేలా. ఆ నవ్వు చూసి బేబీ కూడా నవ్వుతూ, అదే ఊపులో ఆయన భుజం పట్టుకుని లేచింది. సాంజాఁ గేటు చేరేసరికి గంటన్నర పట్టింది. మామూలుగా ఆయనకది పదిహేను నిమిషాల దారి. దిగాక బేబీ మెట్ల పక్కన కూర్చుని, ఇంట్లోంచి తెచ్చుకున్న మంచినీళ్ళు సీసాడూ తాగేసి, "వచ్చేవారం టోపీ పెట్టుకుని రావాలి, ఎండగా ఉంది," అంది.

సంగతి తెలిసి ధాత్రి మండిపడింది. ఆ శనివారమే అయిదు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేసింది. "అమ్మా, ఆర్ యూ క్రేజీ? యూ హేట్ హైట్స్!"

"ఇప్పటికీ అంతే," అంది బేబీ. "రేపు నువ్వూ రా."

మర్నాడు ధాత్రి వాళ్ళ వెనకే నడిచింది. ఆపాలనే వచ్చింది. అమ్మ తలొంచుకుని "రాయి, గుంట, వాలు" అంటుంటే, నాన్న తలెత్తుకుని "జెండా, కొండ, మబ్బు" అంటున్నాడు. మెట్లు దిగాక ధాత్రి, నాన్నకి మంచి పట్టున్న బూట్లు కొనాలంది, అంతే.

అది జరిగి రెండేళ్ళు. మహీధర్ చూసే గొట్టం ఇంకొంచెం సన్నబడింది. తెల్లకర్ర వచ్చింది. ఆయనకి కనిపించనివి కొన్ని జ్ఞాపకంలోంచి చెప్పేస్తుంటాడని బేబీకి తెలుసు. పోయిన వేసవిలో తీసేసిన జెండాకర్ర ఇంకా ఉందని ఒకసారి అన్నాడు. ఆవిడ దిద్దలేదు. భయం కూడా ఆవిడని వదిలిపెట్టలేదు. కమాను మీద ఇప్పటికీ ఆయన చొక్కా చెయ్యి నలిగిపోతుంది, ఇస్త్రీ చేసుకునేది ఆవిడే కాబట్టి గొడవ లేదు.

మొన్న అక్టోబరు ఆఖర్లో, మంచు పడేలోపు ఊరి చుట్టూ పూర్తిగా తిరిగొద్దామని మహీధర్ పట్టుబట్టాడు. నాలుగున్నర కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి, మూడుచోట్ల కూర్చుని, మధ్యాహ్నానికి నదివైపు ఫిరంగులున్న వీధికి చేరారు. అక్కడ గోడ నడుమెత్తుకి మించి లేదు, అవతల మాత్రం కొండ నిలువునా దిగిపోతుంది. బేబీ రోడ్డు వారనే నిలబడి, ఆయన్ని ఒక ఫిరంగి పక్కన కూర్చోబెట్టింది. కింద నదిలో ఓడ కూతేసింది.

"ఏం ఓడది?" అన్నాడు మహీధర్. "నాకు దొరకట్లేదు."

బేబీ రెండడుగులు ముందుకేసి, ఫిరంగి ఇనుము పట్టుకుని, మెడ మాత్రం చాచి చూసింది. "ఎర్రటిది. పొడుగ్గా ఉంది. పేరు కనపడట్లేదు."

"సరుకుదా, మనుషులదా?"

"మనుషులెవరూ చెయ్యి ఊపట్లేదు. సరుకుదే."

"బానే చెప్పావు," అని మహీధర్ లేచి కర్ర అందుకున్నాడు. సూప్ తాగుదామని ఆయన, ఇంటికెళ్ళి అన్నం తిందామని ఆవిడ వాదించుకుంటూ, ఇద్దరూ వాలు వీధిలోకి మళ్ళారు.