బయటి నిపుణురాలు

మా ఇల్లు తెనాలిలో, ఉద్యోగం బాపట్ల దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో. కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతాను. ఒక కంప్యూటరు పంపిన సమాచారం ఇంకో కంప్యూటరుకు ఏ దారిన, ఎవరి ఆజ్ఞ ప్రకారం చేరుతుందో చెప్పే పాఠం అది. తల నెరిసేదాకా అదే చెప్పాను కాబట్టి, ఈ చుట్టుపక్కల ఎవరికైనా దాని గురించి తెలుసుకోవాలనిపిస్తే ముందు నన్నే పిలవాలని నా గట్టి నమ్మకం. పిలవకపోవడం వాళ్ళ తెలివితక్కువతనమని కూడా నమ్మకం.

ఆ నమ్మకానికి గండికొట్టిన మనిషి నాకంటే చాలా చిన్నది. రేపల్లె అమ్మాయి. మా కాలేజీలో కొత్తగా చేరినప్పుడు రేపల్లె ప్యాసింజర్లో తెనాలి వచ్చి, అక్కడ నాతో పాటు బాపట్ల రైలెక్కేది. "అక్కా" అంటూ పక్కన చేరి, దారి పొడుగునా సందేహాలు అడిగేది. నేను చెప్పేదాన్ని. చెప్పడం నాకిష్టం, అందులోనూ అంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరికితే. తరవాత ఇంటికి దగ్గరని రేపల్లె వైపు కాలేజీకి మారిపోయింది. అక్కడితో ఊరుకోకుండా, కొత్తగా వస్తున్న నెట్‌వర్క్ టెక్నాలజీల మీద వీడియో పాఠాలు పెట్టడం మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఒకరోజు నా క్లాసులో వెనక బెంచీ అమ్మాయి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే, పాటలు వింటోందనుకుని ఫోను లాక్కున్నాను. చూస్తే అందులో ఆమె. నేను బోర్డు మీద రాస్తున్న విషయమే చెబుతోంది. పాటలైనా బాగుండేది.

ఈమధ్య మా డిపార్ట్‌మెంటులో కొత్త టెక్నాలజీల మీద నిపుణుల ట్యుటోరియల్ ఒకటి పెట్టాలనుకున్నారు. అది నాదేననుకున్నాను. వేసవి సెలవులంతా స్లైడ్లు తయారుచేస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఆవకాయ కూడా ఈసారి మా ఆడపడుచే కలిపింది. తీరా వెళ్ళి అడిగితే మా హెచ్‌ఓడీ గారు ఇబ్బందిగా నవ్వారు.

"మీరు చెప్పలేరని కాదు మేడమ్. మనవాళ్ళే చెబితే దాన్ని నిపుణుల ట్యుటోరియల్ అని ఎలా అంటామండి? బయటివాళ్ళు రావాలి కదా."

"బయటివాళ్ళంటే ఎవరండి?"

ఆయన ఆమె పేరు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. "మీకు బాగా తెలిసినావిడే కాబట్టి పరిచయం మీరు చేసేయండి. శాలువా కూడా తెనాలిలో మీరే చూసి తెచ్చేయండి మేడమ్, అక్కడ షాపులు బాగుంటాయి."

ఒళ్ళు మండిపోయింది. రైల్లో నా పక్కన కూర్చుని నేర్చుకున్న పిల్ల కాలేజీ మారగానే నిపుణురాలైపోయింది. ఉన్నచోటే ఉన్న పాపానికి నేను శాలువాలు కొనే మనిషినయ్యాను. షాపులో ఉన్నవన్నీ తీయించి, ఎవరికీ నప్పదనుకున్న ఇటుకరంగు శాలువా ఒకటి ఏరి మరీ తెచ్చాను.

ఆ రోజు హాలు కిటకిటలాడింది. నా క్లాసుకి ఒంట్లో బాగాలేదని ఎగ్గొట్టేవాళ్ళంతా ముందు వరసలో కూర్చున్నారు. పరిచయం చదివి, పళ్ళు కనిపించేలా నవ్వి, పక్కన కుర్చీలో కూర్చున్నాను.

నెట్‌వర్కులో ఆజ్ఞలిచ్చే బుర్రనంతా ఒక్కచోటికి చేర్చే కొత్త పద్ధతి గురించి ఆమె చెబుతోంది. "కాలవ మీద లాకులు చూశారుగా," అంది. "ఇన్నాళ్ళూ ప్రతి లాకు దగ్గరా కాపలా ఉండే లస్కరు నీళ్ళు చూసుకుని తలుపు ఎంత ఎత్తాలో తనే తేల్చుకునేవాడు. ఇప్పుడలా కాదు. అందరు లస్కర్లూ ఒకే ఆఫీసుకి ఫోన్ చేసి నీటిమట్టం చెబుతారు. కాలవ మొత్తం ఆ ఆఫీసుకే కనిపిస్తుంది. ఎంత ఎత్తాలో అదే చెబుతుంది. లస్కరు పని తలుపు ఎత్తడమే."

ఆ లస్కరు నావాడు. నేను పుట్టింది సంగం జాగర్లమూడిలో, కాలవ పక్కన. ఈ ఉదాహరణ రైల్లో ఆమెకి చెప్పింది నేనే. దొరికింది దొంగ అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల పండగలాగుంది. ఇప్పుడిక ఆమె మీద ఎంత కోపమైనా పెట్టుకోవచ్చు.

అంతలోనే ఆమె నావైపు చెయ్యి చాచింది. "ఈ ఉదాహరణ నాది కాదు, మీ మేడమ్‌గారిది. ఈ సబ్జెక్టులో నాకు అర్థమైంది చాలావరకు ఆవిడ చలవే." పిల్లలంతా నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. చేతికందిన కోపాన్ని కూడా లాక్కుపోయింది మనిషి.

అయినా వదల్లేదు. చివర్లో ప్రశ్నలడగమంటే లేచాను. "ఆఫీసు ఫోను పనిచెయ్యకపోతే లస్కరు ఏం చేస్తాడమ్మా?" అన్నాను. అందరి ముందూ నీళ్ళు నములుతుందని నా ఆశ.

"అది అసలు ప్రశ్న అక్కా," అంటుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. "రెండు దారులున్నాయి. ఆఖరున అందిన ఆజ్ఞ ప్రకారమే నడపమనొచ్చు. లేదంటే పాతరోజుల్లోలా సొంత బుర్ర వాడుకోమనొచ్చు. ఏది కావాలో మనమే ముందు తేల్చి పెట్టుకోవాలి. అయితే పెద్ద నెట్‌వర్కుల్లో ఏది మేలో నాకింకా పూర్తిగా తెలీదండి, చదువుతున్నాను."

తెలీదని అంత తేలిగ్గా అనేసింది. ఆ మాట వేదిక మీద నా నోట ఏనాడూ రాలేదు. పిల్లలకి అది కూడా నచ్చింది. శాలువా నేనే కప్పాను. ఆ ఇటుకరంగు ఆమెకి దివ్యంగా నప్పింది.

భోజనాల దగ్గర నా పక్కన చేరింది. "అక్కా, మా కాలేజీలో కూడా ట్యుటోరియల్ పెడుతున్నాం. మీరొచ్చి చెప్పాలి. మాకు మీరు బయటివాళ్ళేగా!"

ఆ పిలుపు ఇంకెవరి దగ్గర్నుంచి వచ్చినా ఎగిరి గంతేసేదాన్ని. చూస్తానులే అన్నాను. ఇంటికెళ్ళి అద్దం ముందు సాధన చేశాను. ఒకటే పంతం. ఆమె ఊళ్ళో, ఆమె పిల్లల ముందు, ఆమె కుళ్ళుకునేలా చెప్పాలి.

రేపల్లెలో నేను చెప్పిన తీరు గురించి నేనే చెప్పుకోకూడదుగానీ, బ్రహ్మాండంగా చెప్పాను. కృష్ణ మీది పెనుమూడి వారధి అవతలినుంచి కాలేజీకి వచ్చే పిల్లలు సాయంత్రం బస్సు పోతుందని తెలిసి కూడా కదల్లేదు. వేసవిలో చేసిన స్లైడ్లన్నీ వాడేశాను. తెలియని చోట తెలీదనడం ఒక్కటే నాచేత కాలేదు. ఆఖరి స్లైడు అయ్యేసరికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎన్నేళ్ళుగానో నేను కోరుకున్న చప్పట్లవి. వాటిని విననైనా వినకుండా ఆమె ముఖంలోకి చూశాను. కాస్త మాడిన ముఖం, బలవంతాన తెచ్చుకున్న నవ్వు, ఏదో ఒకటి కనిపించకపోతుందా అని వెతికాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, పక్కనున్న పిల్లల్ని కుదిపేస్తోంది.

"చెప్పానా, మా అక్క చెబితే ఎలా ఉంటుందో!"

నాకు పడ్డ చప్పట్లకి నాకంటే ఆమే ఎక్కువ సంతోషపడింది. తెనాలి రైల్లో కూర్చున్నాక కూడా ఆ సంతోషాన్ని తలుచుకునే కుళ్ళుకున్నాను.