శీను పేరున్న రికార్డు

మా బామ్మర్ది మీద నాకు ఆరేళ్లుగా కోపం. నా కొడుకు శీను చనిపోయిన పదో రోజున, పోయినోని సామాను ఇంట్లో ఉండొద్దని, వాడి ఇంగ్లీషు రాక్ పాటల రికార్డులన్నీ నన్ను అడగకుండా పాత సామాన్ల బండికి వేశాడు. రికార్డులు తిప్పే మిషన్ ఒక్కటే మిగిలింది.

ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణంలో, వాడి దగ్గరున్న వాటిలో ఒకదాని అట్ట బొమ్మే ఉన్న రికార్డు కనిపించింది. లోపలికి పోయి ధర అడిగాను.

"నాలుగు వేల ఐదు వందలు తాతా. కంపెనీ మళ్ల కొత్తగ తీసింది. పాతదైతే ఇంకా ఎక్కువుంటది."

"పాతదాని మీద పేరు రాసుంటే?"

"సగం ధర పడిపోతది. ఎవడు రాసిండు గట్ల?"

"నేనే" అన్నాను.

స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తాం కదా, అట్లాగే దోస్తులు ఎత్తుకుపోవద్దని ప్రతి అట్ట మీద నీలం పెన్నుతో శీను అని రాశాను. నాకొచ్చిన రాత అంతే, వంకర టింకర. "అన్నీ ఖరాబ్ చేసినవ్ నాయినా" అని ఆ రోజు వాడు అన్నం తినలేదు. "సగం జీతం పెట్టి నల్ల పళ్లాలు కొంటవారా" అని నేనూ తిట్టాను.

కొత్తది కొనే పైసలు జేబులో ఉన్నా కొనలేదు. దాని మీద వాడి పేరు లేదు.

ఆ సామాన్ల బండి తిరిగిన ఎల్బీనగర్, సరూర్‌నగర్ వైపు ఎవరి దగ్గరైనా ఆ వంకర రాత ఉన్న రికార్డు ఉందా? సగం ధర సరుకుకు పూర్తి ధర ఇచ్చే పిచ్చోడు మీకు మళ్లీ దొరకడు. పెత్రమాస అమావాస్య నాడు వాడి పేరున బియ్యం ఇస్తాం, ఆ రోజు వాడి పాట ఇంట్లో మోగాలి. ఉందో లేదో అంతకుముందు ఆదివారానికల్లా నాకు జవాబు కావాలి.