మేకపిల్ల పుస్తకానికి కారం అంటిన రోజు

రెబ్కాకు చదువు రాదు. మనవరాలు ఆరాధనకు రెండున్నరేళ్లు, దానికీ రాదు. కానీ పెత్తనమంతా దానిదే.

దానికో బొమ్మల పుస్తకం ఉంది, గంట పోగొట్టుకున్న మేకపిల్ల కథ. బొమ్మలు చూసి రెబ్కా సొంతంగా అల్లి చెబితే, ఆ గడుగ్గాయి "కాదు" అని పేజీ వెనక్కి తిప్పేది. ఆదివారం వాళ్లమ్మ హెలెన్ చదివిన మాటలే కావాలి. "గడ్డిలో లేదు" అంటే కాదు, "గడ్డివాములో లేదు" అనాలి. సాయంత్రానికి పదిసార్లు. రెబ్కాకు ఒళ్లు మండేది. ఇరవయ్యేళ్లుగా గుంటూరు కళ్లాల్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న మనిషి, మేస్త్రీకే జడవలేదు, ఈ వేలెడంత పిల్లకు జడవాలా?

పంతం పట్టింది. పుస్తకం బొడ్లో దోపుకుని కళ్లానికి పోయింది. తనతో పాటు తొడిమలు తీసే, పదో తరగతి దాకా చదివిన ముబీన్ చేత అన్నాలవేళ వారం రోజులు చదివించుకుని, ఒక్కో పేజీ వేలితో చూపించి అప్పజెప్పింది. ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో తోమి, మజ్జిగతో కడిగి, కొబ్బరినూనె రాసుకునేది. పుస్తకాన్ని తుడవాలని మాత్రం తట్టలేదు.

శనివారం పిల్ల పుస్తకం మూల నోట్లో పెట్టుకుంది. అదే చేత్తో కళ్లు నులుముకుంది. ఏడుపు వీధి చివరికి వినబడింది. హెలెన్ పిల్ల మొహం కడిగి, నోటికి పంచదార పెట్టి, పుస్తకాన్ని బీరువా మీదికి విసిరింది.

"ఇకమీదట పుస్తకం ముట్టుకోకండి అత్తయ్యా."

రెబ్కాకు కోపం కట్టలు తెంచుకుంది. చేతులు కడుక్కోను కళ్లంలో ఒక్క కొళాయే పెట్టిన యజమాని మీద, తనను బడికి పంపని తండ్రి మీద, అన్నిటికంటే తన చేతుల మీద.

"పుస్తకానికి కారం అంటిందని పైన పడేశావు. ఈ చేతులతో తెచ్చిన బియ్యానికి అంటలేదా? నీ మొగుణ్ణి ఈ చేతులతోనే పెంచాను. పిల్ల అడిగిన మాటలే పిల్లకు చెబుదామని ఆ పుస్తకం కళ్లానికి మోసుకెళ్లాను."

హెలెన్ పుస్తకం దించి, తడిగుడ్డతో పేజీ పేజీ తుడిచి, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చెప్పండి, నేను తిప్పుతాను."

బడి మొహం చూడని రెబ్కా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి అప్పజెప్పింది. హెలెన్ అక్షరాల వెంట వేలు జరుపుతూ పోయింది. ఒక్క మాట తప్పలేదు, పిల్ల ఒక్కసారీ కాదనలేదు. రెబ్కా గొంతులో కోపం మాత్రం ఆఖరి పేజీ దాకా తగ్గలేదు.