రెండు ఇటుకల బరువు

మనిషి చక్రం కనిపెట్టాడని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ చక్రాల మీద ఒక కుర్చీ వేయాలని మొట్టమొదట తోచిన మహానుభావుడెవరో ఏ గ్రంథమూ చెప్పదు. వాడికి తప్పకుండా మోకాళ్ళ నొప్పి ఉండి ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళుగా గడ్డికోత యంత్రాన్ని తోసుకుంటూ దాని వెనకాలే నడిచిన పుల్లక్కకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆస్పత్రి ముందున్న పచ్చిక, వెనకనున్న వాలు, రెండూ ఆమె పనే. మనిషి అగ్గిపుల్ల, అందుకే ఆ పేరు. టైలరైన ఆమె మొగుడు పెళ్ళైన కొత్తలోనే తేల్చి చెప్పాడు: "నీ నడుం కొలవడానికి టేపు దండగే, దారప్పోగు చాలు."

అలాంటిది ఒకరోజు పొద్దున్నే వ్యానులోంచి ఎర్రటి కొత్త గడ్డికోత యంత్రం ఒకటి దిగింది. నాలుగు చక్రాలు, స్టీరింగు, అన్నిటికీ మించి సీటు! మెత్తటి, నల్లటి, వీపుకి ఆనుకునే సీటు! పుల్లక్క చేతిలోని నీళ్ళ గొట్టం వదిలేసి పరుగందుకుంది. మోకాళ్ళ సంగతి సగం దారిలో గుర్తొచ్చింది గానీ ఆగలేదు. కిటికీల్లో రోగులు కూడా లేచి నిలబడ్డారు.

"బండొచ్చింది! బండొచ్చింది!" అని వార్డులన్నీ మారుమోగాయి.

ఆ మాటే కొంప ముంచబోయింది. బండి అంటే ఏమిటి? ఎక్కి తిరిగేది, పక్కన ఇంకొకర్ని ఎక్కించుకునేది, ఎక్కడపడితే అక్కడ ఆపి, దిగి, టీ తాగి వచ్చేది. అడుగున కత్తులు గిర్రున తిరుగుతాయన్న ముక్క ఆ పేరులో ఎక్కడా లేదు. పాముకి తాడని పేరు పెడితే కాటు మానుతుందా?

సూపరింటెండెంటు షరతు పెట్టాడు. "శుక్రవారం కంపెనీ నుంచి మనిషొస్తుంది. ఆవిడ ఎదుట, వెనక వాలుతో సహా పచ్చికంతా ఆగకుండా కోసి చూపించు. చూపిస్తే బండి నీది. లేదంటే స్టీరింగు తోలతాడు, నువ్వు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టుకో."

స్టీరింగంటే గేటు కాసే మనిషి. పూర్వం లారీ తోలాడు. లారీ పోయింది, పేరు మిగిలింది. అతని పొట్ట ముందు పుల్లక్క నిలబడితే ఎండ తగలదు.

ఇక దుప్పట్లంటారా? ఎండా వానా పీల్చిన మనిషిని నాలుగు గోడల మధ్య నిలబెట్టి తెల్లగుడ్డలు మడవమంటే, అది ఉద్యోగం కాదు, శిక్ష. ఆ రాత్రి ఆమెకి నిద్ర పడితే ఒట్టు.

మంగళవారం సాధన మొదలైంది. ఎక్కింది, తాళం తిప్పింది, కదిలింది. "ఓయ్, కదిలిందోయ్!" అని అరిచిందో లేదో, చిన్న గుంత తగిలి ఇంజను టప్పున ఆగింది. మళ్ళీ తిప్పింది. ఇంకో గుంత, మళ్ళీ టప్పు. పది గజాలకి నాలుగుసార్లు.

స్టీరింగు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, నువ్వసలు ఎక్కనే లేదనుకుంటోంది! సీటు కింద స్విచ్చుంది. బరువు తగ్గిందంటే డ్రైవరు దిగిపోయాడని ఇంజను ఆపేస్తుంది. గుంతొచ్చినప్పుడల్లా నువ్వేమో గాల్లోకి లేస్తున్నావు."

"అయితే ఏం చెయ్యమంటావు, శుక్రవారంలోగా లావెక్కమంటావా?"

"నువ్వెందుకులే, బరువు నేనెక్కిస్తా ఉండు."

రెండు ఇటుకలు గోనెసంచిలో చుట్టి, సీటు వెనక అంచున తాడుతో బిగించాడు. ఆమె ఓడితే సీటు తనదే అవుతుందన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. ఆగిపోయిన బండిని చూస్తే లారీవాడి చేతులు ఊరుకోవు, అంతే.

ఇంజను ఇక ఆగితే కదా! పుల్లక్క రాణీలా కూర్చుంది. వెనక్కి తిరిగి చూస్తే, ఇస్త్రీ చేసినట్టు పచ్చటి బాట. ఇంటికెళ్ళి మొగుడికి మూడుసార్లు చెప్పింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆమె కోటు చేతులు ఇరుకు చేశాడు. "యంత్రం దగ్గర వదులు బట్ట పనికిరాదే. నా మిషనే వేలు అడుగుతుంది, నీది చెయ్యడుగుతుంది."

బుధవారం దారికి అడ్డంగా నీళ్ళ గొట్టం పడి ఉంది. బండి కదా, నిలిపి దిగింది పుల్లక్క. ముందుకొచ్చి, వంగి, గొట్టం పట్టుకుని లాగింది. సీటు మీద ఇటుకలు నిశ్చింతగా కూర్చునే ఉన్నాయి. అడుగున కత్తులు తిరుగుతూనే ఉన్నాయి.

గొట్టం ఆమె చేతిలోంచి సర్రున కత్తుల కిందికి జారిపోయింది. క్షణంలో దోసకాయ చక్రాల్లా ముక్కలై చెల్లాచెదురైంది. గొట్టం మూతినున్న ఇత్తడి ముక్క తుపాకీ గుండులా ఎగిరి ఇనప బకెట్టుకి చిల్లు పెట్టింది. కత్తులకీ ఆమె వేళ్ళకీ మధ్య జానెడు దూరం!

స్టీరింగు ఎగశ్వాసతో వచ్చేసరికి ఆమె తాళం తీసేసి, తడిగడ్డి మీద కూర్చుని పది వేళ్ళూ లెక్కపెట్టుకుంటోంది.

"ఏమైందక్కా?"

"పదీ ఉన్నాయి. ఇదిగో, నువ్వూ ఒకసారి లెక్కపెట్టు."

అతను నిజంగానే లెక్కపెట్టాడు.

"బండి కాదు తమ్ముడూ ఇది," అందామె. "చక్రాలున్న కత్తిపీట. మనం లేస్తే ఆగాలని దానికి నేర్పింది ఎవరో బుద్ధున్న మనిషి. మనమేమో దాని నోట్లో ఇటుకలు కుక్కాం."

"మరి శుక్రవారం?"

పుల్లక్క లేచింది. ఇటుకలు విప్పి గోడ పక్కన పడేసింది.

శుక్రవారం కంపెనీ మనిషి వచ్చింది. జేబునిండా స్పానర్లున్న కుర్రమ్మాయి. పుల్లక్క ఎక్కింది. గుంత. టప్పు. గుంత. టప్పు. సూపరింటెండెంటు చేతిగడియారం చూసుకుని, "చెప్పానా? స్టీరింగూ, రావోయ్!" అన్నాడు.

స్టీరింగు కదల్లేదు. "నా చెప్పు తెగింది సార్," అన్నాడు. చెప్పు భేషుగ్గా ఉంది.

"అమ్మాయ్," అంది పుల్లక్క. "ఇది నన్ను మనిషి కింద లెక్కెయ్యట్లేదు. ఇటుకలు కట్టి చూశాను. కట్టకూడదని తెలిసొచ్చింది." గొట్టం సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. సూపరింటెండెంటు మొహం రంగులు మారింది.

ఆ అమ్మాయి చటుక్కున సీటు కిందికి దూరింది. "అయ్యో పెద్దమ్మా! స్ప్రింగు వంద కిలోల మనిషికి బిగించి పంపారు మావాళ్ళు! మీకు ఇందులో సగం కూడా ఎక్కువే!" కర్ర్, కర్ర్ మని మర వదులు చేసింది. "దీనికీ లొంగకపోతే స్విచ్చే మార్చాలి. అంతేగానీ ఇటుకలు మాత్రం వద్దు. ఎక్కండి!"

ఎక్కింది. గుంత. ఇంజను ఆగలేదు! ఇంకో గుంత. ఊహూఁ! "నేనున్నానని తెలిసింది దీనికి!" అని అరిచింది పుల్లక్క. కిటికీల్లోంచి చప్పట్లు. గులకరాళ్ళ బాట రాగానే కత్తులు ఆపి దాటింది. వెనక్కి తీసేముందు మెడ పూర్తిగా తిప్పి చూసింది. వాలు మీద అడ్డంగా పోలేదు, బోల్తా పడుతుందని. నిట్టనిలువుగా ఎక్కి నిట్టనిలువుగా దిగింది. గంటలో మైదానమంతా నున్నగా దువ్విన తలలా అయింది.

షెడ్డు ముందు ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుంది. సూపరింటెండెంటు తొందరపెట్టాడు. "సరే, గెలిచావు. లోపలికి తొయ్, తాళం వేసుకుని పోవాలి నేను."

"ఆగాలి సార్. ఇంకా సెగ మీదుంది. లోపలేమో ఎండుగడ్డి, పెట్రోలు డబ్బా. ఆ డబ్బాని వేరే గదిలోకి మార్పించాలి. ఇదీ చల్లారాలి. అరగంట."

"అరగంటా? పొద్దుటినుంచీ చూస్తున్నా, దీనికి నువ్వు మరీ మర్యాద చేస్తున్నావు!" అంటూ ఆయన తనే తోసేద్దామని పొగగొట్టం పక్కన చెయ్యి వేశాడు. "అబ్బా!" అని ఎగిరి గంతేశాడు.

ఆస్పత్రి ఆవరణలో కాలినవాడికి ఒక సుఖముంది, వైద్యం కోసం వెతుక్కోనక్కర్లేదు. కానీ అందరికంటే ముందు కుళాయి తిప్పి ఆయన చెయ్యి నీళ్ళ కింద పెట్టించింది పుల్లక్కే. ఆయన ఎర్రబడ్డ వేళ్ళ వంక చూసుకుంటూ, రెండో చేత్తో షెడ్డు తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇదీ నీ దగ్గరే ఉండనీ. ఎప్పుడు చల్లారితే అప్పుడు వేసుకో."

"అది తరవాత తీసుకుంటా గానీ సార్, చెయ్యి నీళ్ళ కిందే ఉంచండి," అంది పుల్లక్క. "మీకూ కాసేపు పడుతుంది చల్లారడానికి."