కుక్క మెడకు పట్టా అడిగిన మా సామేలన్న

ముందుగా క్షమాపణ. నేను పగలు పని చేసుకుంటూ, రాత్రి బడిలో చదువుకొని డిగ్రీ దాకా వచ్చినవాడిని. నా తెలుగు అంత గొప్పది కాదు. తప్పులుంటే మన్నించగలరు.

నిన్న పొద్దున చేవెళ్ల బస్టాండులో ఉండగా తమ్ముడు ఫోన్ చేసిండు. "సామేలన్న పోయిండు. కనకమామిడి రోడ్డు మీద బండి స్కిడ్ అయిందంట."

పోయిండన్న మాట నమ్మలేకపోయిన.
స్కిడ్ అన్న మాట ఇప్పటికీ నమ్ముతలేను.

సామేలన్న మా పెద్దమ్మ కొడుకు. ఇరవై ఏండ్లు మోపెడ్ మీద మొయినాబాద్ ఇండ్లకు పాలు పోసిండు. గుంతల్లో కూడ క్యాను తొణకనియ్యని మనిషి. ఎండిన తారు రోడ్డు మీద ఎట్ల జారుతడు?

ఆ దారిలో ఒక ఫాంహౌస్ ఉన్నది. గేటు తెరిస్తే చాలు, వాళ్ల కుక్క రోడ్డెక్కి బండ్ల వెంట పడుతది. గేటుకు "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డు. అన్న వాచ్‌మన్‌తో అనేవాడు: "బోర్డును గట్టిగ కట్టినవ్, కుక్కను ఇడిసిపెట్టినవ్. జర ఉల్టా చెయ్యరాదే."

పోయిన నెల నన్ను దరఖాస్తు రాయమన్నడు. "నువ్వు డిగ్రీవి కదరా, గట్టిగ రాయి."

రెండు పేజీలు రాసిన. విషయం: "ఫాంహౌస్ కుక్కకు పట్టా వేయించుట గురించి."

మా ఇండ్లల్ల మెడబెల్టును పట్టా అంటరు. పంచాయతీ ఆఫీసులో దాన్ని చదివినాయన భూమి పట్టా అనుకున్నడు. "కుక్క పేరు మీద ఎన్ని గుంటల భూమి చెయ్యమంటవన్నా?" అన్నడు. గదంతా నవ్వింది. కాగితం వాపస్ వచ్చింది.

అన్న కూడ నవ్విండు. "ఫికర్ చెయ్యకురా, మల్లొకటి రాయి."

నేను రాయలేదు. నాకు నామోషీ అయింది. ఈ తప్పు పూర్తిగా నాది.

నిన్న సాయంత్రం ఆ గేటు దగ్గరికి పోయిన. నేను నోరు తెరవకముందే వాచ్‌మన్ అన్నడు: "మా కుక్క పొద్దటి సంది కట్టేసే ఉన్నది సార్."

నేను కుక్క మాటే ఎత్తలేదు.

చైను చూసిన. తళతళ మెరుస్తున్నది. రోజూ కట్టేసే కుక్కకు బెల్టు కింద బొచ్చు అరుగుతది. దీనికి ఒక్క వెంట్రుక నలగలేదు.

దవాఖానలో అన్న బట్టలు సంచిలో పెట్టి ఇచ్చిండ్రు. ప్యాంటు ఎడమ మడమ మీద, వెనుక వైపు చినిగి ఉన్నది. వదిన ఉతుకుతనంటే వద్దన్న. ఎందుకో చెప్పలేదు.

నేను ఎవరి మీదా నింద వేయడం లేదు. అడగకుండానే వచ్చిన జవాబును అనుమానిస్తున్న, అంతే. సమాధి కార్యక్రమం ముగిసినంక ఆ సంచితో పోలీస్ స్టేషన్‌కు పోతున్న.

సామేలన్నా, ప్రభువు సన్నిధిలో నిమ్మళంగ ఉండు. ఇక్కడి పని నేను చూసుకుంట.

ఈ పోస్టును ముందుగా నిన్న పొద్దున ఆ దారిన పోయినవాళ్లు చదవాలె. రోడ్డు మీద కుక్కను చూసి ఉంటే నాకు చెప్పాలె. తర్వాత, ఇంట్ల కుక్క ఉన్న ప్రతి ఒక్కరికి పంపండి.

వదినకు మాత్రం ఎవరూ చదివి వినిపించకండి. ఆమె ఇంకా బండినే తిడుతున్నది.