పాత పెట్టెకు సెలవు

అంబత్తూరులో మోటారు విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో సీనియర్ స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరిన మూడో ఏడాది, ఒక శనివారం ఉదయం, పాత స్టోరేజ్‌ను తొలగించే పని నాకు అప్పగించారు. స్టోరేజ్ అంటే డిస్కులతో నిండిన పెట్టె. సర్వర్ నెట్‌వర్క్ మీదుగా దానికి లాగిన్ అయి, సొంత డిస్కులాగే వాడుకుంటుంది. అందులోని సమాచారమంతా అప్పటికే కొత్త పెట్టెలోకి మార్చాం.

ఈ పద్ధతిలో ఒక మర్యాద ఉంది. కేబుల్ ఊడితే సర్వర్ దాన్ని ప్రమాదం కింద లెక్కగట్టి, పనులు ఆపుకుని, మళ్ళీ మళ్ళీ తలుపు తడుతుంది. లాగౌట్ చేయిస్తే చేతిలో పని ముగించి, సెలవు తీసుకుని ఊరుకుంటుంది. అయితే దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. అందులో పేరున్నంతకాలం, ఆన్ అయిన ప్రతిసారీ తనంతట తానే వెళ్ళి లాగిన్ అడుగుతుంది. అందుకే లాగౌట్ తర్వాత పేరు కూడా తుడిచేయాలి. ఈ నియమావళి రాసింది నేనే. అందుకు నా గర్వం అంతా ఇంతా కాదు.

నా సహాయ ఇంజనీరు మునుస్వామి నాయుడు వ్యాసర్పాడి మనిషి, తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం. లాగౌట్ సవ్యంగా చేశాడు. పేరు తుడిచే దగ్గర చెయ్యి ఆగింది. "ఇన్నేండ్లు మనకి అన్నం పెట్టింది గదా సార్. ఒకేతూరి పేరు తుడిచేసేది బాగుండదు. ఆడే ఉండనీండి," అన్నాడు. గడప దాటేటప్పుడు 'పోతాను' అనకుండా 'పోయొస్తాను' అనే వాళ్ళం మేము. నాకూ మనసొప్పలేదు. సోమవారం తుడుద్దువులే అని, తొలగింపు పూర్తయిందన్న కాగితం మీద సంతకం పెట్టేశాను. పెట్టెను లారీ ఎక్కించారు.

పదింటికి సర్వర్‌ను రీస్టార్ట్ చేశాం. అది జాబితా తీసి, లేని పెట్టెను వెతకసాగింది. ఆ పెట్టెకు దారులు ఎనిమిది, ఒక్కో దారిలో రెండు నిమిషాల ఎదురుచూపు. పదో నిమిషంలో డిస్పాచ్ మేనేజరు లక్ష్మిగారు వచ్చారు. గేటు పాసులు ఆ సర్వర్ నుంచే రావాలి. పన్నెండులోగా ఎగుమతి కంటైనర్ కదలకపోతే ఓడ వెళ్ళిపోతుంది. "మీ కోసం ఓడ ఆగుద్దా అండీ?" అన్నారు బెజవాడ యాసలో. కంగారులో పవర్ బటన్ నొక్కాను. వెతుకులాట మళ్ళీ మొదటికొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇలా మూడుసార్లు చేశాను.

నాలుగోసారి నాయుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నొక్కబాకండి సార్. అది ఏమి వెతకతా ఉండాదో చూద్దాం." స్క్రీన్ మీద పాత పెట్టె పేరు కనబడగానే తప్పెక్కడుందో ఇద్దరికీ తెలిసిపోయింది. మరమ్మతు మోడ్‌లో సర్వర్‌ను తెరిచాం. తుడిచే ముందు నాయుడు కీబోర్డుకు దండం పెట్టాడు. నేను కసరలేదు. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా కంటైనర్ గేటు దాటింది.

సోమవారం విచారణలో తప్పు నాదేనని చెప్పాను. సంతకం నాదే కాబట్టి అందులో గొప్పతనమేమీ లేదు. లాగౌట్‌తో ముగిసేది ఆ పూట సెషన్ మాత్రమే. పేరును మనిషే తుడవాలి, అదీ పెట్టె ఇంకా గదిలో ఉండగానే. నియమావళిలో ఆ అంశం పక్కన 'ఇక్కడ మొహమాటం పనికిరాదు' అని చేర్చాను. పై అధికారులు ఆ వాక్యం తీసేయమన్నారు. తీసేయలేదు.